ఆఖరి దశలో బటన్ మీంచి వేలు తీసెయ్

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. 'యోకై దోచూకి' వీడియో గేమ్ అయిదు దశలూ ఆడి ముగిస్తే, నువ్వు ఆడించే తరోసుకె ప్రేతలోకంలో పడ్డాడని, ఆట నిన్ను మోసం చేసిందని రాశావు. మోసం కాదురా. నాకూ మూడుసార్లు అలాగే అయింది. ఫోన్లో చెబితే సగం వినీ సగం వినకుండా ఆటకి వెళ్లిపోతావని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఈ ఆటని జపాన్‌కి చెందిన నామ్కో కంపెనీ 1987లో తెచ్చింది. యోకైలంటే జపాన్ వాళ్ల దయ్యాలూ భూతాలూ వింతజీవులూ. దోచూకి అంటే ప్రయాణంలో రాసుకునే దారి కబుర్లు. నేను దాన్ని చూసింది 1990లో. మీ పెదనాన్న ఉద్యోగం కోసం కవాసాకిలో కాపురం పెట్టిన కొత్త. స్టేషన్ వెనక సందులో చిన్న గేమ్ సెంటర్ ఉండేది. కూరగాయల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, బల్లలాంటి మెషీన్ ముందు పొట్టి స్టూలు మీద కూర్చునేదాన్ని. తెర గాజు కింద ఉంటుంది, తల వంచి చూడాలి. వంద యెన్ల నాణెం వేస్తే ఒక ఆట. అప్పటికి నాకు జపనీస్ అక్షరం ముక్క రాదు. కానీ పక్కనాయన తెర చూపిస్తూ "ఎమ్మా" అన్నాడు. ఎవరో కాదు, మన యముడే! బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరి ఎమ్మా అయ్యాడు. ఆ పేరు తెలిసిన రోజున ఆ పరాయి ఊళ్లో చుట్టం ఎదురొచ్చినట్టనిపించింది నాకు.

మన చిత్రగుప్తుడు చిట్టా చదువుతాడు కదా. వాళ్ల ఎమ్మా సభలో ఒక అద్దం కూడా ఉంటుందని చెబుతారు. దాని ముందు నిలబెడితే మనిషి చేసినవన్నీ అందులో కనిపిస్తాయట. ఈ ఆట మొత్తం ఆ అద్దంలాంటిదే అనుకో, నీ తికమక సగం తీరుతుంది.

ముందు చేతి పని చెబుతాను. తరోసుకెని నడిపించే పిడి, అదే లివర్, కిందికి పట్టుకుంటే వాడు కూర్చుని దెబ్బకి శక్తి కూడగట్టుకుంటాడు. అప్పుడు వదిలిన దెబ్బ పెద్దది. మరీ ఎక్కువసేపు పట్టావంటే ఆయాసపడి కదలకుండా ఉండిపోతాడు, ఎదురొచ్చిన ప్రతిదీ తగులుతుంది. నువ్వు ఎక్కువ దెబ్బలు తినేది ఇక్కడే, నాకు బాగా తెలుసు. నీ చెయ్యి నాలాగే ఆత్రం చెయ్యి. సైకిల్ ట్యూబులో గాలి కొట్టేటప్పుడు ఇక చాలని చేతికే తెలుస్తుంది చూడు, అలా అలవాటు కావాలి. మొదటి దశలో ఒక్క శత్రువూ లేని చోటు చూసుకుని ఇరవైసార్లు కూర్చో, వదులు. కళ్లతో కాదు, మనసులో లెక్కపెట్టుకుంటూ నేర్చుకో. ఒక రోజంతా ఇదే చేసినా నష్టం లేదు.

గుడి దగ్గర తరోసుకె ప్రార్థనకు కూర్చున్నాక మొన్మొతారో అనే ఆత్మ బయటికొచ్చి పెద్ద భూతంతో కొట్లాడతాడు కదా, అక్కడ నీకు ఇబ్బంది లేదన్నావు కాబట్టి దాని జోలికి వెళ్లను. డబ్బు గురించి మాత్రం ఒక మాట. దాచుకోకు. అంగడి కనిపిస్తే లోపలికెళ్లు, కావలసింది కొనుక్కో. ఆఖరి దశలోకి నిండు ప్రాణశక్తితో వెళ్లడం ముఖ్యం. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నాలుగో దశ పేరు తీర్పుల లోయ. అయిదోది రిన్నెకై, అంటే పునర్జన్మల లోకం. అక్కడ నువ్వు ఎలా నడుచుకున్నావన్న దాన్నిబట్టి ముగింపు మారుతుంది. ముగింపులు అయిదు: నరకం, ప్రేతలోకం, పశులోకం, మనుష్యలోకం, స్వర్గం. బౌద్ధంలో లోకాలు ఆరు. అసురలోకాన్ని మాత్రం ఈ ఆటలో పెట్టలేదు. స్వర్గం కావాలంటే ఆ దశలో ఒక్క ప్రాణినీ కొట్టకూడదు, ఒక్క నాణెమూ తీసుకోకూడదు. అంతే. కానీ ఇది ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుస్తుంది. నాలుగు దశలపాటు "కొట్టు, ఏరుకో" అని చేతికి నేర్పిన ఆటే అయిదో దశలో చెయ్యి ముడుచుకోమంటుంది. ఆ మాట పైకి చెప్పదు. నా మొదటి మూడు ఆటలూ అక్కడే పోయాయి.

నాలుగోసారి అన్నీ తెలిసే వెళ్లాను. దాదాపు చివరిదాకా వెళ్లాక ఒకటి ఎదురుగా వచ్చింది. బొటనవేలు దానంతటదే బటన్ నొక్కేసింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మీ పెదనాన్న ఏమైందని అడిగితే చెప్పడానికి సిగ్గేసింది.

మర్నాడు గేమ్ సెంటర్ ముసలాయన సైగలతో నేర్పిన కిటుకే నీకు రాస్తున్నాను. రిన్నెకై మొదలవగానే కొట్టే బటన్ మీంచి వేలు పూర్తిగా తీసెయ్. దగ్గర పెట్టుకోవద్దు, పైన ఆనించి ఉంచవద్దు. ఆ వేలిని అరచేతిలోకి మడిచెయ్. ఒక చెయ్యి లివర్ మీద, రెండో చేతి చూపుడు వేలు గెంతే బటన్ మీద. వచ్చేదాన్ని ఆగి చూడు, అది ఎలా కదులుతుందో గమనించి పైనుంచి దాటు. పరుగెత్తావా, మీద పడతావు. దెబ్బలు తగులుతాయి, తగలనీ. నిండు ప్రాణశక్తితో వెళ్లమన్నది అందుకే. డబ్బు దారికి అడ్డంగా ఉంటే దూరం నుంచే గెంతు కొలుచుకో. తాకితే తీసుకున్నట్టే లెక్క.

ప్రేతలోకంలో పడ్డానని నవ్వుతూ రాశావు కానీ, వీలైతే వాళ్ల ప్రేతల బొమ్మలు ఒకసారి చూడు. 12వ శతాబ్దంలో గీసిన ప్రేతల చిత్రపటాలు టోక్యోలోనూ క్యోటోలోనూ జాతీయ మ్యూజియాల్లో ఉన్నాయి. ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి చేతులు. గొంతు సూదంత సన్నమని, నోటి దగ్గరికి తెచ్చిన తిండి మంటగా మారుతుందని చెబుతారు. మన మహాలయ పక్షాల్లాగే వాళ్లూ ఏటా వాటికి అన్నం పెట్టే తంతు చేస్తారు. ఆ బొమ్మలు చూశాక ఆ నాణేలు ఏరుకోబుద్ధి కాలేదు నాకు.

కవాసాకి వదిలే ముందు నెలలో తరోసుకె స్వర్గానికి వెళ్లాడు. ముసలాయన కౌంటరు వెనకనుంచి లేచి వచ్చి, మెషీన్ గాజు మీద నా వేలి ముద్రలు గుడ్డతో తుడిచి, చిన్న కప్పులో టీ ఇచ్చాడు.

ఈ వారం రిన్నెకై ఊసెత్తకు. మొదటి దశనే కొట్టే బటన్ ముట్టుకోకుండా ఆడు. ఎంతదూరం వెళ్లగలిగావో ఆదివారం నాకు రాయి. అమ్మకి నేను అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ