మాల్దీవుల్లో స్కూబా డైవింగ్ మధ్యతరగతికి అందుతుందా?

ప్రశ్న: నేనూ మా వారూ బరంపురంలో ఉపాధ్యాయులం. గోపాలపురం తీరం మాకు దగ్గరే కాబట్టి సముద్రం కొత్త కాదు. అయితే నీటి అడుగుకు వెళ్లి పగడపు దిబ్బలను, చేపలను కళ్లారా చూడాలన్నది మా చిరకాల కోరిక. మాల్దీవుల గురించి ట్రావెల్ ఏజెంటును అడిగితే, రిసార్టులో ఐదు రాత్రులకు ఇద్దరికీ కలిపి నాలుగు లక్షలు దాటుతుందని, డైవింగ్ ఖర్చు అదనమని చెప్పారు. మేము కూడబెట్టింది రెండు లక్షలు. ఇద్దరికీ ఈత వచ్చు కానీ డైవింగ్ రాదు. ఈ కోరిక మానుకోవలసిందేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మానుకోనక్కరలేదమ్మా. కాకపోతే ఏజెంటు గారు చూపిన దారిని విడిచిపెట్టండి. మాల్దీవుల్లో ఖర్చును కొండెక్కించేవి రిసార్టు గదీ, అక్కడికి చేరే ప్రయాణమూ. అక్కడ రిసార్టు అంటే సాధారణంగా ద్వీపమంతా ఒకే హోటలు. తినడానికి బయట మరో చోటు ఉండదు కనుక మంచినీళ్ల సీసా మొదలుకొని ప్రతిదీ వారి ధరకే కొనాలి. దూరపు రిసార్టులకు నీటి మీద వాలే చిన్న విమానంలో వెళ్లవలసి వస్తే, రానూపోనూ దానికే మనిషికి నాలుగైదు వందల డాలర్లు అవుతాయి. ఆ విమానాలు పగటి పూటే ఎగురుతాయి కాబట్టి, రాజధాని మాలేలో సాయంత్రం దిగినవారు ఆ రాత్రికి మరో గది కూడా తీసుకోవాలి.

2009 తర్వాత అక్కడి ప్రభుత్వం మామూలు జనం నివసించే ద్వీపాల్లో కూడా గెస్ట్‌హౌస్‌లకు అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది. మీవంటి వారికి తలుపు తెరుచుకున్నది అక్కడే. మాలేకు దగ్గరలో ఉన్న మాఫుషిలో గదులు చవక, డైవింగ్ కేంద్రాలు ఎక్కువ, కానీ రద్దీ కూడా ఎక్కువే. నన్నడిగితే మీరు దక్షిణ అరి అటోల్‌లోని (అటోల్ అంటే వలయంగా ఏర్పడిన పగడపు దీవుల గుంపు) ధిగురాకు వెళ్లండి. వేల్ షార్క్ అనే అతి పెద్ద, మనుషుల జోలికి రాని సొరచేపలు ఆ చుట్టుపక్కల ఏడాది పొడవునా తిరుగుతుంటాయి. మాలే నుంచి స్పీడ్‌బోటులో సుమారు రెండు గంటల ప్రయాణం. ప్రభుత్వ ఫెర్రీలు ఇంకా చవక, అయితే శుక్రవారం అవి సాధారణంగా నడవవు. అందుకని విమానం టికెట్టు కొనేముందే వారంలో ఏ రోజు దిగుతున్నారో చూసుకోండి. ఈ ద్వీపాల్లో మద్యం నిషిద్ధం. ఈత దుస్తులు పర్యాటకులకు కేటాయించిన తీరంలో తప్ప మరెక్కడా వేసుకోకూడదు. భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు, దిగిన చోటే ఉచితంగా అనుమతి ఇస్తారు. బయలుదేరే ముందు 96 గంటల లోపల ఆన్‌లైన్‌లో ప్రయాణ వివరాల పత్రం ఒకటి మాత్రం నింపాలి.

గది ధర చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బుకింగ్ యాప్‌లో 50 డాలర్లని కనిపించే గది 50కి రాదు. దానికి పది శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను చేరితే 64 డాలర్లు దాటుతుంది. ఆ పైన హరిత పన్ను గెస్ట్‌హౌస్‌లో ఒక్కొక్కరికి రాత్రికి 6 డాలర్లు, అంటే ఇద్దరికి 12. చివరికి గది 76 డాలర్లు పడుతుంది. డైవింగ్ కేంద్రాల ధరలను కూడా ఇలాగే విప్పి చూడండి. పన్నులు, బోటు ఖర్చు, పరికరాల అద్దె కలిపి చెప్పిన ధర ఎంతో ఉత్తరం రాసి అడగండి. విడివిడిగా కంటే ఆరు డైవ్‌లో పది డైవ్‌లో కలిపి తీసుకుంటే చాలా చోట్ల ధర తగ్గిస్తారు.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన మాట: నేర్చుకోవడం మాల్దీవుల్లో పెట్టుకోకండి. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది. అందులో చాలా భాగం లోతులేని నీటిలో మాస్కులోకి వచ్చిన నీటిని ముక్కుతో ఊది బయటికి పంపడం, నోట్లోంచి జారిన రెగ్యులేటరును (సిలిండరులోని గాలిని నోటికి అందించే పరికరం) వెతికి మళ్లీ పెట్టుకోవడం, నీటిలో పైకీ కిందికీ పోకుండా ఒకేచోట నిలబడడం వంటి సాధనలతోనే గడిచిపోతుంది. వాటికి డాలర్లు పోయనవసరం లేదు. పైగా మాల్దీవుల్లో పేరున్న డైవ్ స్థలాలు చాలావరకు అటోల్ అంచులలోని కాలువల్లో ఉంటాయి. అక్కడి ప్రవాహం బలంగా ఉంటుంది కనుక నేర్చీ నేర్వని వారిని తీసుకువెళ్లరు, తీసుకువెళ్లకూడదు కూడా.

కాబట్టి ఈ ఏడాది అండమాన్‌కు వెళ్లండి. పాస్‌పోర్టు అక్కరలేదు, లెక్క రూపాయల్లోనే. భువనేశ్వర్ నుంచి గానీ విశాఖ నుంచి గానీ బయలుదేరి, అవసరమైతే కోల్‌కతా మీదుగానో చెన్నై మీదుగానో 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురం చేరి, అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లాలి. ఇదే పాత హేవ్‌లాక్. కోర్సు ఒక్కొక్కరికి ముప్పై వేల రూపాయల అటూ ఇటూ అవుతుంది. పాఠ్యభాగాన్ని ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదివి పూర్తిచేసుకుంటే ద్వీపంలో దాదాపు ఒక రోజు మిగులుతుంది. ఆ రోజు గది అద్దె మిగిలినట్టే. కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదమంటారు, ఏ ఆధారమూ లేకుండా పది నిమిషాలు తేలమంటారు. ఈత వచ్చినా ఈ రెండూ బయలుదేరకముందే కొలనులో అలవాటు చేసుకోండి. కోర్సు పూర్తయితే 18 మీటర్ల లోతు వరకు దిగే అర్హత వస్తుంది. ఆ కార్డు ప్రపంచమంతటా చెల్లుతుంది.

వేసవి సెలవులు ఇవ్వగానే బయలుదేరండి. మే నెల గడిచేకొద్దీ అండమాన్‌లో నైరుతి గాలులు మొదలై సముద్రం అల్లకల్లోలమవుతుంది. మాల్దీవులకు మాత్రం పై ఏడాది మే నెలలోనే వెళ్లవచ్చు. అక్కడ పొడి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, గదుల ధరలు మండిపోయేదీ అప్పుడే. మేలో వానలు పడతాయి, నీరు కొంత మసకగా ఉంటుంది, కానీ డైవింగ్ ఆగదు. ఆ మసకకు కారణమైన ప్లవకాల (నీటిలో తేలే సూక్ష్మజీవుల) కోసమే మాంటా రే చేపలు వెడల్పాటి రెక్కలు ఆడిస్తూ చేరుతాయి. వాటికి ప్రసిద్ధి చెందిన బా అటోల్‌లోని హనిఫారు అఖాతంలో స్కూబా నిషేధం; గొట్టం పెట్టుకుని పైపైన ఈదుతూ చూడాలి. మీ రెండు లక్షలు అండమాన్‌కూ మాల్దీవులకూ కలిపి చాలవు. ఇప్పుడు అండమాన్‌కు పోగా మిగిలినదానికి కొంత చేర్చుకుంటే, మాల్దీవుల్లో ప్రతి డాలరూ నీటి కింద గడిపే సమయానికే ఖర్చవుతుంది.

ప్రశ్న: నాకు ఈత రాదు. ఈత రాకపోయినా స్కూబా చేయవచ్చని, వీడియో కూడా తీసి ఇస్తామని ప్రకటనలు చూస్తున్నాను. నిజమేనా? దగ్గరలో ఎక్కడైనా ముందు ప్రయత్నించవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఒక్కసారి దిగి చూసే డైవ్‌కు ఈత తప్పనిసరి కాదన్నది నిజమే. ఇన్‌స్ట్రక్టరు వెన్నంటే ఉంటారు, 12 మీటర్లకు మించి దింపరు. అయినా రెండు సంగతులు మీ బాధ్యతే. దిగడం మొదలైన మొదటి మీటరు నుంచే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ చెవుల్లో ఒత్తిడిని సమం చేసుకోవాలి. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే చేయాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు అవుతుంది కాబట్టి చెవి ఓర్చుకుంటుందిలే అని ఊరుకోకూడదు. రెండవది, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే తీవ్రమైన గాయమవుతుంది.

మీకు విశాఖ ఒక్క రైలు దూరం. రుషికొండ దగ్గర స్కూబా చేయిస్తారు. అక్కడి నీటిలో అండమాన్‌లో ఉన్నంత స్పష్టత ఉండదు కనుక దాన్నిబట్టి స్కూబా అంటే ఇంతేనని తీర్మానించకండి. నీటి కింద మీ మనసు కుదురుగా ఉంటుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. ఎక్కడైనా సరే డబ్బు కట్టేముందు ఎన్ని నిమిషాలు, ఎంత లోతు, ఒక ఇన్‌స్ట్రక్టరుకు ఎంతమంది, బోటులో ఆక్సిజన్ ఉందా అని అడగండి. ఆరోగ్య పత్రం నింపించకుండానే దింపుతామనే చోట దిగకండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. బీపీ మాత్ర వేసుకుంటాను, చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఆరోగ్య పత్రంలో ఇవి రాస్తే దింపరని, రాయవద్దని స్నేహితులు అంటున్నారు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రాయకుండా ఉండకండి, మీ ప్రాణం కోసమే అడిగే ప్రశ్నలవి. ‘అవును’ అని రాసినంత మాత్రాన తిరస్కరించరు. వైద్యుడి సంతకం కావాలంటారు. ఆ పత్రం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని అచ్చు తీసుకుని మీ వైద్యుడికి గానీ, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో ఛాతీ వైద్యులకు గానీ చూపించి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. వారు వద్దంటే పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ గురించి కూడా వారినే అడగండి. టికెట్లు కొనేది ఆ సంతకం చేతికి వచ్చాకే. ద్వీపానికి చేరాక వెనక్కి పంపితే కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. సాధారణ ప్రయాణ బీమాల్లో చాలావాటికి స్కూబా వర్తించదు కనుక డైవింగ్ బీమా విడిగా తీసుకోండి. జలుబు చేసిన రోజు దిగకండి. జలుబు మాత్ర వేసుకుని దిగినా, దాని ప్రభావం నీటి కింద తగ్గిపోతే చెవిలో గాలి చిక్కుకుంటుంది. చివరి డైవ్‌కూ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోవాలి కాబట్టి, ఆఖరి రోజును డైవింగ్‌కు కాక తీరం వెంబడి తిరగడానికి వదిలి టికెట్టు తీసుకోండి.