కుళాయి లేని అడవిలో రెండు రాత్రులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో టెంట్ వేసుకుని గడపడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు.

కొలరాడోలో మేం చూసిన క్యాంప్‌గ్రౌండ్ పేరు పక్కన ‘ప్రిమిటివ్’ అని ఉంది. పిల్లలతో కలిపి నలుగురం, రెండు రాత్రులు ఉంటాం. అక్కడ ఏముంటుంది? నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి? (డెన్వర్ నుంచి ఒక పాఠకురాలు)

ఒక బల్ల, మంట వేసుకోవడానికి ఇనుప చుట్టు, కాస్త దూరంగా గుంట మరుగుదొడ్డి. చాలాచోట్ల అంతేనండీ. కుళాయి, కరెంటు, చెత్తకుండీ ఉండవు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. రిజర్వేషన్ లేని చోట ముందొచ్చినవారిదే జాగా, కాబట్టి శుక్రవారం మధ్యాహ్నంలోపే చేరాలి. గేటు దగ్గరి ఇనుపపెట్టెలో కవరు వేసి రుసుము కట్టాలి. చిల్లర ఇచ్చేవాళ్లుండరు, చిన్న నోట్లు ఉంచుకోండి. కవరుకున్న చీటీ చింపి మీ సైటు నంబరు గుంజకు తగిలించాలి.

నీళ్లు మనిషికి రోజుకో గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) అని అందరూ చెప్పే లెక్క. అది బ్రెడ్డుతో సరిపెట్టుకునేవాళ్ల లెక్క. బియ్యం కడిగి, పప్పు వండి, కంచాలు తోముకునేవాళ్లకు రెండు గ్యాలన్లు కావాలి. అంటే మీకు 16 గ్యాలన్లు. ఏడు గ్యాలన్ల డబ్బా నిండితే 58 పౌన్లు తూగుతుంది, నడుం పట్టేస్తుంది. ఐదు గ్యాలన్లవి మూడు, పైన నాలుగు సీసాలు తీసుకెళ్లండి.

ఏటి నీళ్లు ఎంత తేటగా కనిపించినా జియార్డియా అనే, విరేచనాలు పట్టించే సూక్ష్మజీవి ఉండొచ్చు. మరిగించాలంటే బుడగలు బాగా లేచాక ఒక నిమిషం, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు. సన్న గొట్టాల ఫిల్టర్ వాడేవాళ్లు రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవాలి. లోపల తడి గడ్డకడితే గొట్టాలు చిట్లిపోతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు.

మరుగుదొడ్డి గుంటలో టాయిలెట్ పేపరు తప్ప మరేదీ వేయకండి. తడి వైప్స్, డయపర్లు పడితే గుంట తోడే లారీ పైపు మూసుకుపోతుంది. చెంబు అలవాటున్నవాళ్లకు ఒక ఖాళీ సీసా చాలు.

ఎనిమిది వేల అడుగుల ఎత్తులో కందిపప్పు గంటన్నర ఉడికించినా పలుకుగానే ఉంది. అన్నమూ అంతే. పొయ్యి లోపమా? (సాల్ట్ లేక్ సిటీ)

పొయ్యిది కాదు, గాలిది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. ఆ తర్వాత మంట ఎంత పెంచినా నీళ్లు ఆవిరవుతాయి తప్ప వేడి పెరగదు. మూత లేని గిన్నెలో కందిపప్పు అక్కడ మెత్తబడడం కష్టం.

మూడు లీటర్ల కుక్కర్ వెంట తీసుకెళ్లండి. సముద్రమట్టం దగ్గర కుక్కర్ లోపల దాదాపు 121 డిగ్రీలు ఉంటే, ఎనిమిది వేల అడుగుల్లో 116 దగ్గర ఆగుతుంది. ఆ తేడాకు ఇంట్లో కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి, పప్పు గంటసేపు నానబెట్టండి. నానే తీరిక లేకపోతే పెసరపప్పుతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

కుక్కర్‌కు రెండు బర్నర్ల ప్రొపేన్ పొయ్యి కావాలి. చిన్న గ్యాస్ డబ్బా (క్యానిస్టర్) నెత్తిన బిగించే చిన్న పొయ్యి మీద పెడితే పక్కకు ఒరుగుతుంది. గాలి ఆపడానికని అలాంటి పొయ్యి చుట్టూ రేకు కట్టకండి, క్యానిస్టర్ వేడెక్కి పేలొచ్చు. ఒక పౌను ప్రొపేన్ సిలిండర్ రెండు బర్నర్లనూ పెద్దమంట మీద గంటసేపు మండిస్తుంది. రెండు రోజుల వంటకు మూడు తీసుకెళ్లండి. ఇంకో సంగతి: చాలా క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. కుక్కర్ విజిల్ కూడా చప్పుడే.

పోపు వాసన అడవిలో చాలా దూరం పోతుంది, ఎలుగుబంటి ముక్కుకు మరీ దూరం. టెంట్ దగ్గర వండొద్దు, వండిన బట్టలతో పడుకోవద్దు. ఇంగువ డబ్బా, ఆవకాయ సీసాతో పాటు టూత్‌పేస్టు, కొబ్బరినూనె కూడా ఇనుప ఫుడ్ లాకర్‌లోకి వెళ్లాలి. తినేది కాదు కదా అని వీటినే ఎక్కువమంది టెంట్‌లో వదిలేస్తారు. లాకర్ లేకపోతే కారులో పెట్టొచ్చా, ఎలుగు తెరవలేని డబ్బా కావాలా అన్నది ఆ ఫారెస్టు నిబంధనల్లో చూసుకోండి. యోసెమిటీ లాంటి పార్కుల్లో రాత్రిపూట కారులో ఆహారం ఉంచడానికి వీల్లేదు. కంచాలు కడిగిన నీళ్లు వడకట్టి, మెతుకులు చెత్తసంచిలో వేసి, నీళ్లు ఏటికి 200 అడుగుల అవతల చల్లేయండి.

గాలి పరుపు మీద రెండు రజాయిలు కప్పుకున్నా తెల్లవార్లూ వణికాం. (సియాటిల్)

చలి పైనుంచి కాదు, కిందినుంచి వచ్చింది. ఇంట్లో అతిథులకు వేసే ఎత్తు గాలి పరుపు లోపల గాలి తిరుగుతూ మీ ఒంటి వేడిని నేలకు మోసుకెళ్తుంది. క్యాంపింగ్ ప్యాడ్ మీద ‘ఆర్-వేల్యూ’ అని, ఒంటి వేడి నేలకు పోకుండా అది ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది. రాత్రి సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరకు పడే చోట అది 4 కంటే తగ్గకూడదు. ఒకదానిమీద ఒకటి పరిస్తే ఆ అంకెలు కలుస్తాయి. అందుకే ఉన్న ప్యాడ్ కింద మడతపెట్టే నురుగు చాప వేయడమే చవకైన మార్గం. స్లీపింగ్ బ్యాగు మీద పెద్దగా ముద్రించిన అంకె చాలాసార్లు ‘లోయర్ లిమిట్’, అంటే ముడుచుకుని ఎలాగో నిద్రపట్టే చలి. హాయిగా పట్టే ‘కంఫర్ట్’ అంకె లోపలి చీటీలో వెతకండి. మరిగిన నీళ్లు గట్టి ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు.

పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్ లోపలికి తేకండి, ఆరిపోతున్న బొగ్గులైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలికి భయపడి గాలి సందులన్నీ మూసినా ఇబ్బందే. ఊపిరి తేమ గుడ్డకు పట్టి తెల్లారేసరికి బొట్లుబొట్లుగా కారుతుంది, దాన్ని చూసి టెంట్ కారుతోందనుకుంటారు.

టెంట్ కింద పెద్ద టార్పాలిన్ పరిచాం. అయినా వానకు అడుగంతా తడిసింది. (షార్లట్)

పెద్దది కావడం వల్లే. అంచు బయటికి వస్తే వాన దాని మీద పడి టెంట్ కిందికి జారుతుంది. అన్నివైపులా టెంట్ అంచుకు రెండు అంగుళాలు లోపలే ఉండేలా మడవండి. చదునుగా, గట్టిగా నొక్కుకుపోయి పళ్లెంలా ఉన్న చోటు బాగుందనిపిస్తుంది గానీ వాన పడితే అదే మడుగు. మేకులు కొట్టేముందు తలెత్తి పైకి చూడండి. ఎండిన చెట్టుగానీ వేలాడే కొమ్మగానీ ఉంటే వేరే చోటు వెతుక్కోవాలి.

పెరట్లో కొట్టిన కట్టెలు వెంట తీసుకెళ్లొచ్చా? (కొలంబస్, ఒహాయో)

వద్దు. బెరడులో, దాని కింద ఉండే గుడ్లు, పిల్లపురుగులు కట్టెతో ప్రయాణిస్తాయి. యాష్ చెట్లను తినేసే ఎమరాల్డ్ యాష్ బోరర్ ఊళ్లు దాటింది ఎక్కువగా ఇలాగే. కట్టెలు క్యాంపుకు దగ్గర్లోనే కొనండి. బయల్దేరే రోజు పొద్దున మంటలపై ఆంక్షలున్నాయేమో రేంజర్ ఆఫీసులో అడగండి. కట్టెల మంట నిషేధమున్న రోజుల్లోనూ నాబ్ తిప్పితే ఆరిపోయే గ్యాస్ పొయ్యిని సాధారణంగా అనుమతిస్తారు. మంట ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయండి. బూడిద మీద చెయ్యి పెట్టగలిగితేనే ఆరినట్టు.

ఇదే పద్ధతిలో నల్లమలలో టెంట్ వేసుకోవచ్చా? (హైదరాబాద్)

మీకు నచ్చిన చోట కుదరదు. అటు నాగార్జునసాగర్–శ్రీశైలం, ఇటు అమ్రాబాద్, రెండూ పులుల అభయారణ్యాలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. అటవీశాఖ కేటాయించిన బసలోనే, ముందుగా బుక్ చేసుకుని ఉండాలి. ఎండాకాలంలో అయితే అక్కడి ఎండుగడ్డికి, వెదురుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అగ్గిపెట్టె అసలు తీసుకెళ్లకండి.