సమాధానం: రెండో రీల్‌కే టిన్ విజిల్ శ్రుతి పెరిగిపోతోంది

మీ ఇంటి నలుగురి ఐరిష్ బృందంలో (కన్సర్టినా అనే చేతిలో పట్టే అకార్డియన్ లాంటి వాద్యం, ఫిడేలు, 'డి' శ్రుతి టిన్ విజిల్ అనే చిన్న పిల్లనగ్రోవి, బౌరాన్ అనే చేతి డప్పు) మొదట కలిసిన శ్రుతి రెండో రీల్‌కే (రీల్ అంటే వేగంగా సాగే ఐరిష్ నాట్య బాణీ) చెడుతోందన్నారు. తప్పు ఊదే అమ్మాయిది కాదండీ. చల్లగా ఉన్న విజిల్‌ని శ్రుతి చేస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఊదేకొద్దీ గొట్టంలో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే స్వరం సుమారు 30 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. ఫిడేలు పక్కన అది ఇట్టే తెలిసిపోతుంది.

వేదిక ఎక్కేముందు విజిల్‌ని ఐదు నిమిషాలు చంకలో పెట్టుకోమనండి, కాసేపు ఊదమనండి. ఆ తర్వాతే శ్రుతి. ఆధారం కన్సర్టినా, దాని రీడ్లని (స్వరం పలికే లోహపు నాలుకల్ని) అక్కడికక్కడ మార్చలేం కదా. ఫిడేలు కూడా శ్రుతి చూపే యాప్‌ని కాదు, కన్సర్టినా 'ఎ' స్వరాన్నే అనుసరించాలి. విజిల్ ఇంకా హెచ్చుగా ఉంటే దాని మూతిని (ఊదే భాగాన్ని) 2 మి.మీ. బయటికి లాగండి. జిగురు పట్టేసిన ప్లాస్టిక్ మూతి అయితే వేడినీళ్లలో (మరిగేవి వద్దు) అర నిమిషం ముంచి మెల్లగా తిప్పండి, వదులవుతుంది. మరీ ఎక్కువ లాగితే మాత్రం పై రంధ్రాల స్వరాలు కిందివాటికంటే ఎక్కువగా దిగిపోయి, విజిల్ తనలో తనకే పొసగదు.

బౌరాన్ గోల వేరు. మేకతోలు తేమకి వదులై, లైట్ల వేడికి బిగుస్తుంది. తోలు బిగించే మరలుంటే ఎదురెదురు వాటిని పావు చుట్టు చొప్పున తిప్పండి. లేకపోతే, బిగిసినప్పుడు లోపలివైపు తడిచేత్తో తుడవండి. వదులైందని హీటరుకి ఆనించారో, తోలు చిట్లుతుంది.