మా అమ్మాయి వేరే గ్రహాల మీద జీవం గురించి చదువుతానంటోంది

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఉన్నట్టుండి ఇంజినీరింగ్ వద్దంటోంది. భూమిలాంటి గ్రహాలు ఇంకా ఉంటే అక్కడ జీవం ఎలా పుడుతుంది, ఎలా మారుతూ వస్తుంది అన్నదే చదువుతుందట. మావారు కోపంతో దానితో మాట్లాడటం మానేశారు. మా తోటికోడలు కొడుకు సీఎస్‌ఈ చేసి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరాడు, ఇంట్లో రోజూ అదే పోలిక. ఇది నిజంగా చదువేనా? బతుకుతెరువు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఎలా మారుతూ వస్తుంది’ అన్నది. గ్రహాంతరవాసులు ఉన్నారా అని అడిగే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఎలా మారుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. మీ అమ్మాయి అడిగినదాని మీద ఇవాళే ల్యాబులో కూర్చుని పని చేయొచ్చు, చేస్తున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ఇది చదువే, గట్టి చదువు.

ఒక ఉదాహరణ చెబుతాను, మీవారికి కూడా చదివి వినిపించండి. 1988 ఫిబ్రవరిలో అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ అనే జీవశాస్త్రవేత్త ఒకే రకం ఈ.కోలి బ్యాక్టీరియాను 12 ఫ్లాస్కుల్లో వేశాడు. అన్నింటికీ ఒకటే తిండి. రోజూ కొంచెం తీసి కొత్త ఫ్లాస్కులోకి మార్చడం, అంతే పని. అది దశాబ్దాలుగా సాగుతోంది, 75 వేల తరాలు దాటాయి. ఆ ఫ్లాస్కుల్ని అచ్చం ఒకేలా మొదలైన 12 చిన్న భూములనుకోండి. చాలా విషయాల్లో అన్నీ ఒకే దారిన నడిచాయి. అన్నింట్లోనూ కణాలు పెద్దవయ్యాయి, పెరిగే వేగం హెచ్చింది. కానీ దాదాపు 31 వేల తరాల దగ్గర ఒక్క ఫ్లాస్కులో మాత్రం బ్యాక్టీరియా సిట్రేట్‌ను, అంటే నిమ్మ పులుపుకి సంబంధించిన ఒక పదార్థాన్ని, తినడం మొదలుపెట్టింది. ఆ సిట్రేట్ మొదటి రోజు నుంచీ 12 ఫ్లాస్కుల్లోనూ ఉంది. ఆక్సిజన్ ఉన్నచోట ఈ.కోలి దాన్ని ముట్టదు. మిగతా 11 ముట్టలేదు కూడా.

మీ అమ్మాయి ప్రశ్నకి అసలు గుండెకాయ ఇదే. భూమిలాంటి ఇంకో గ్రహంలో ఏవి మళ్లీ వస్తాయి, ఏవి ఒక్కసారి మాత్రమే జరిగే అదృష్టం? ఆక్టోపస్ కన్నూ మన కన్నూ విడివిడిగా ఏర్పడి, చివరికి ఒకదాన్నొకటి పోలాయి. రెక్కలు పురుగులకీ పక్షులకీ గబ్బిలాలకీ వేర్వేరుగా వచ్చాయి. కాబట్టి వెలుగున్న గ్రహంలో, జంతువులంటూ పుడితే, కన్నులాంటిది రావడంలో వింత లేదు. మనలాంటి మనిషే మళ్లీ వస్తాడని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఒక ఆదివారం ముగ్గురూ కలిసి ఖాజాగూడ గుట్టల దాకా వెళ్లిరండి. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి గట్టిపడే నాటికి గాలిలో ఆక్సిజన్ లేనట్టే లెక్క. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్ గాలిలో నిలవడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. జంతువులు రావడానికి ఆ తరవాత ఇంచుమించు 180 కోట్ల ఏళ్లు పట్టింది. అంటే ఎవరైనా దూరం నుంచి మన భూమిని చూసి ఉంటే, దాని వయసులో ఎక్కువ భాగం వాళ్లకి కంటికి కనిపించని సూక్ష్మజీవులే ఉన్న గ్రహంలాగే ఉండేది. వేరే చోట మనకి ముందుగా ఏదైనా దొరికితే అదీ అలాంటిదే కావచ్చు. ఆ రాళ్ల మీద కూర్చుని మీ అమ్మాయిని ఈ సంగతి చెప్పమనండి. ఎలా చెబుతుందో మీవారు ఒక్కసారి వినాలి.

ఈ రంగం కొత్తది. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి కనిపెట్టింది 1995లో. మిషెల్ మేయర్, డిడియె కెలో అనే ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. ఇప్పటికి మన సౌరకుటుంబం బయట 6 వేలకు పైగా గ్రహాలు ఖాయమయ్యాయి. మన ఇస్రో కూడా 2023 జూలైలో చంద్రయాన్-3తో షేప్ అనే పరికరం పంపింది. భూమిని ఎక్కడో దూరపు గ్రహంలా చూసి, జీవమున్న గ్రహం వెలుగు ఎలా ఉంటుందో కొలవడం దాని పని. అలాంటి పరికరాలు తయారు చేసేది ఇంజినీర్లే. ఇది మీవారికి చెప్పండి: ఇంజినీరింగ్‌లో చేరినా ఈ ప్రశ్న చేజారదు.

మన ఊరికీ ఇందులో వాటా ఉంది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనూ పుణెలోనూ పరీక్షిస్తే మూడు కొత్త రకాల బ్యాక్టీరియా బయటపడ్డాయి. 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచే వచ్చాయని దీంతో తేలిపోలేదని ఇస్రోనే చెప్పింది. నాకు ఆ మాట మీదే ఎక్కువ గౌరవం. ఈ రంగంలో నిలబడాలంటే మీ అమ్మాయికి ఆ ఓపిక ఉండాలి.

ఇక అసలు సలహా. మీ అమ్మాయి చదువుతానంటున్న ఈ శాస్త్రానికి పేరు ఆస్ట్రోబయాలజీ. ‘ఆస్ట్రోబయాలజీ’ అని పేరున్న డిగ్రీ కోసం ఇప్పుడు వెతకొద్దు. ఆ పేరుతో కనిపించే చిన్న కోర్సులకి, సర్టిఫికెట్లకి డబ్బు కట్టొద్దు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు ముందు ఫిజిక్స్‌లోనో, కెమిస్ట్రీలోనో, బయాలజీలోనో, జియాలజీలోనో గట్టిపడి ఇటు వచ్చినవాళ్లే. ప్రశ్నలో ఏ భాగం తనని నిద్రపోనివ్వడం లేదో మీ అమ్మాయినే అడగండి. గ్రహాల్ని కనిపెట్టడమైతే ఫిజిక్స్, ఆ గ్రహాల గాలిలో జీవం గుర్తులు చదవడమైతే కెమిస్ట్రీ. మీరు రాసినదాన్ని బట్టి నాకు మాత్రం తనది బయాలజీ వైపు మనసు అనిపిస్తోంది. ఎంపీసీలో ఉంది కదా, అక్కడే చిక్కు.

ఆ చిక్కుకి దారి ఐఐఎస్‌ఈఆర్, అంటే సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. తిరుపతితో కలిపి దేశంలో ఏడు ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఐఏటీ. ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ ఇద్దరూ రాయొచ్చు. 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకీ తలా 15. అంటే ఎంపీసీ పిల్లలు బయాలజీ పూర్తిగా వదిలేస్తే పావు వంతు పేపర్ పోయినట్టే. పదకొండు, పన్నెండు తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు ఈ వారమే కొనివ్వండి, రోజుకి ఒక గంట చాలు. చేరాక మొదట్లో అన్ని సైన్సులూ చదివించి, తరవాత ఎంచుకోనిస్తారు. తనలాంటి పిల్లకి అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. హైదరాబాద్ దాటి పంపలేమనుకుంటే సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జేఈఈ, ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి. చదివే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ అవే కదా.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెబుతాను. ఇది నెమ్మదిగా పండే పంట. ఐదేళ్ల చదువు, తరవాత పీహెచ్‌డీకి ఇంకో ఐదారేళ్లు, ఆ తరవాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. స్థిరమైన పోస్టు వచ్చేసరికి ముప్పై దాటొచ్చు, రాకపోవచ్చు కూడా. అయితే ఫెలోషిప్‌తో పీహెచ్‌డీలో చేరితే ఇంటి మీద భారం ఉండదు. సీఎస్‌ఐఆర్-నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, అద్దె భత్యం వేరు. జీనోమిక్స్ (జీవుల డీఎన్ఏ మొత్తాన్ని చదివే శాస్త్రం), డేటా విశ్లేషణలో చేయి తిరిగినవాళ్లు పరిశోధన వదిలేసినా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలోనో ఐటీలోనో పని దొరకని పరిస్థితి నేను చూడలేదు. అందుకే ఏ సబ్జెక్టు తీసుకున్నా కోడింగ్, స్టాటిస్టిక్స్ వదలొద్దని తనకి గట్టిగా చెప్పండి.

చుట్టాలు పెళ్లి మాట ఎత్తుతారు. ఇప్పుడే మీరూ మీవారూ ఒక మాట మీద ఉంటే తనకి కొండంత ధైర్యం. తోటికోడలి గారబ్బాయితో పోలిక మాత్రం ఇవాళే ఆపేయండి, ఆ అబ్బాయికీ మంచిది కాదు.

మీవారు నాతో మాట్లాడతానంటే తప్పకుండా తీసుకురండి. అమ్మాయిని కూడా. వచ్చేటప్పుడు ఒక కాగితం మీద తను జవాబు తెలుసుకోవాలనుకుంటున్న ఐదు ప్రశ్నలు రాసుకురమ్మనండి. ఏ సబ్జెక్టు అన్నది వాటిని చూసి ముగ్గురితో కలిసి తేల్చుకుందాం.