మనిషి తెలివికి యంత్రం సాటి వస్తుందా?

ప్రశ్న: సార్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కృత్రిమ మేధ మనిషి తెలివిని అందుకుంటుందని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఇక చదివి ఏం లాభం?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, కొన్ని పనుల్లో అది మనిషిని ఎప్పుడో దాటేసింది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. 2016లో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్, బోర్డు మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే ‘గో’ ఆటలో కొరియా మేటి ఆటగాడు లీ సెడాల్‌పై 4–1తో గెలిచింది. అయితే ఆల్ఫాగోకు ఆ ఆట తప్ప మరొకటి రాదు.

చాట్‌జీపీటీ లాంటివి వేరు. లెక్కలేనంత రాతను చదివి, తర్వాత ఏ మాట రావాలో అంచనా కట్టడం నేర్చుకున్నాయి. వ్యాసం రాస్తాయి, లెక్కలు చేస్తాయి. లేనిదాన్ని కూడా అంతే ధీమాగా చెప్పేస్తాయి. నా భయమల్లా అదే.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పాఠాలు చెప్పిన రోజుల్లో ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన పిల్లల్ని చూశాను. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతిని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఎంత పటిక వేయాలో ఈరోజు యంత్రం క్షణంలో చెబుతుంది. కానీ ఈ పిల్లలు ఎందుకిలా అయ్యారని తల్లడిల్లి అడిగింది మనుషులే. యంత్రానికి ఆ తపన లేదు. రేపు వస్తుందా అన్నదానిపై శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు.

చదువు మాత్రం మానకు తల్లీ. యంత్రం చెప్పినదాంట్లో తప్పు పట్టాలంటే సబ్జెక్టు నీకు వచ్చి ఉండాలి. నీకు బాగా తెలిసిన పాఠం మీద దాన్ని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు పుస్తకంతో పోల్చి చూడు.