పీహెచ్‌డీలో చేరాక ప్రార్థనకు టైమ్ ఎక్కడ దొరుకుతుంది?

రిసెర్చ్‌లో చేరినప్పటి నుంచి తెల్లవారుజామున లేవలేకపోతున్నానని, ఏకాంత ప్రార్థన పూర్తిగా తప్పిపోయిందని, ఆదివారం చర్చిలో కూర్చున్నా మనసు డేటా మీదే ఉంటోందని రాశారు. అచ్చం నా పరిస్థితే.

నేను విశాఖలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. మా అమ్మ రోజూ నాలుగింటికి లేచి మోకరించే మనిషి. నాకూ అదే నేర్పింది, ఇంటర్ దాకా సాగింది కూడా. ల్యాబ్‌లో చేరాక రాత్రి పదకొండుకు రూమ్‌కి రావడం, నాలుగింటికి అలారం పెట్టుకోవడం, మోగగానే ఆపేసి పడుకోవడం. ఇక రోజంతా గిల్టీగా ఉండేది. ఎప్పుడైనా లేచినా మోకాళ్ల మీదే కునికేవాణ్ణి.

మన సంఘాల్లో ఏకాంత ప్రార్థన అనగానే మార్కు 1:35 చెబుతారు, యేసు ఇంకా చీకటుండగానే లేచి వెళ్లాడని. నిజమే. కానీ దానియేలు 6వ అధ్యాయం కూడా చూడండి. 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఆయనొకడు. లెక్కలన్నీ వచ్చేది ఆ ముగ్గురి దగ్గరికే. అంత పనిలోనూ రోజుకు మూడుసార్లు మోకరించేవాడు. మూడుసార్లంటే ఒక్కటైనా పనివేళ మధ్యలోనే అయ్యుండాలి అనిపించింది నాకు.

మా పనిలో ఆ మధ్య సమయం రిఫ్లక్స్ (ఆవిరి బయటికి పోకుండా చల్లార్చి వెనక్కి పంపుతూ మరిగించడం) దగ్గర దొరికింది. రియాక్షన్ పెట్టాక నాలుగైదు గంటలు మరగాలి, గంటకోసారి టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చెప్పే చిన్న పరీక్ష) చూస్తాం. ఈలోపు అందరం చేసేది ఫోన్ చూడటమే. నేను ఫోన్ డ్రాయర్‌లో పడేసి, పక్క బెంచి అతన్ని నా సెటప్ కాస్త చూస్తుండమని (ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కి నీళ్లు తెచ్చే ట్యూబు ఊడితే ల్యాబంతా చెరువే, అప్పజెప్పకుండా మాత్రం కదలొద్దు) మేడమెట్ల మీదికి వెళ్లేవాణ్ణి.

చదవడానికి 119వ కీర్తన పెట్టుకున్నాను. 176 వచనాలని భయపడకండి. ఎనిమిదేసి వచనాలతో 22 భాగాలు, హెబ్రీ అక్షరానికొకటి. మన బైబిల్లోనూ ఆలెఫ్, బేత్ అని పైన వేసి ఉంటుంది. రోజుకొక భాగం చదివి పావుగంట కళ్లు మూసుకునేవాణ్ణి.

మొదటి వారం అది ప్రార్థనే కాదు, ఈల్డ్ (రియాక్షన్‌లో చివరికి చేతికొచ్చే పదార్థం) ఎందుకు తగ్గిందన్న ఆలోచనే. జేబులో చీటీ పెట్టుకుని, వచ్చిన ఆలోచన దానిమీద రాసేసి మళ్లీ కళ్లు మూసుకునేవాణ్ణి. అదీ కొంతవరకే పనిచేసింది. చివరికి ఆ ఈల్డ్ సంగతే దేవుడికి చెప్పుకోవడం మొదలుపెట్టాను. పెద్దలు ఏమంటారో గానీ, నాకు మనసు నిలిచింది అప్పటినుంచే.

థీసిస్ రాసేటప్పుడు రిఫ్లక్సూ లేదు, మెట్లూ లేవు. రెండు నెలలు మళ్లీ గాడి తప్పింది. తర్వాత సాయంత్రం టీకి వెళ్లే ముందు అని పెట్టుకున్నాను. మీ పని ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో రాయలేదు, కానీ రోజూ ఎలాగూ ఆగే చోటు ఒకటి మీకూ ఉండే ఉంటుంది, ముందు దాన్ని పట్టుకోండి.

అమ్మ ఫోన్ చేసి "నాలుగింటికి ప్రార్థన చేసుకుంటున్నావా నాన్నా?" అని అడిగితే "నాలుగింటికే అమ్మా" అనేవాణ్ణి. సాయంత్రం నాలుగని చాలా రోజులకు గానీ చెప్పలేదు.