బుచ్చమ్మ ఏమంది?

అమ్మలూ,

నువ్వు పీహెచ్‌డీలో చేరావనీ, గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో స్త్రీ పాత్రల మీద పనిచేయబోతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఈ మాట మా పెద్దక్క వింటే ఎంత సంబరపడేదో అనుకుంటూ పడుకున్నాను. తెల్లారి లేచి నువ్వు పంపిన అధ్యాయాల పట్టిక చూశాను. చివర్లో ‘నాటకానికి వేశ్య మధురవాణే ప్రాణమని నిరూపణ’ అని ఉంది. ఇంకా చదవడమే మొదలుపెట్టలేదు, ఏం నిరూపించాలో అప్పుడే తేల్చేసుకున్నావా తల్లీ? ముందు కోపం వచ్చింది. ఆ వెనకే భయం వేసింది. నేనూ సరిగ్గా అక్కడే మొదలుపెట్టాను మరి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నాటకం మొత్తం ఒకసారి పైకి చదువు. 1897 నాటి కూర్పు, 1909 నాటి కూర్పు రెండూ దగ్గర పెట్టుకో. రెండోసారి గురజాడ నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు, మధురవాణికి అంత చోటు దొరికింది అందులోనే. కాబట్టి ఏ మాట రాసుకున్నా అది ఏ కూర్పులోదో పక్కనే రాసుకో. గైడ్ గారు చెప్పింది నచ్చకపోతే వాదించకు, అడిగి తెలుసుకో. రాత్రి పదకొండు దాటాక కంప్యూటర్ కట్టేయి. ఇది మాత్రం తప్పకుండా విను, నా కళ్లు ఎలా పాడయ్యాయో మీ నాన్నకి తెలుసు.

ఇక అసలు సంగతి.

నేను థీసిస్ రాసే రోజుల్లో మనం పాత ఇంట్లోనే ఉండేవాళ్లం. మా పెద్దక్క, అంటే మీ నాన్నని ఒళ్లో పెట్టుకుని పెంచిన మీ పెద్ద మామ్మ, మాతోనే ఉండేది. పద్నాలుగో ఏట పెళ్లి చేశారు, పదహారో ఏట పసుపుకుంకుమలు పోయాయి. చదువు చెప్పించలేదు. రాత్రిళ్లు నేను నాటకం పైకి చదువుకుంటుంటే గుమ్మం దగ్గర కూర్చుని వినేది. అలా మొదటి నుంచి చివరిదాకా నా నోటే వింది.

నాటకంలో చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మని ముందు పెట్టుకుని, వితంతువుల బాధ మీద నేను ఒక పెద్ద అధ్యాయం రాశాను. అరవై పేజీలు. విజయనగరం ఆనంద గజపతి మహారాజు తీయించిన లెక్క నాకు కంఠతా వచ్చు: విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్లనిచ్చినందుకు డబ్బు పుచ్చుకున్న పెళ్లిళ్లు. అది వేశాను. సంస్కరణోద్యమం గురించి రాశాను, వీరేశలింగం గారి గురించి రాశాను, ముందు రాసిన విమర్శకుల మాటలన్నీ ఎత్తి పెట్టాను. పూర్తయిన రోజు సాయంత్రం, ఎవరికైనా చదివి వినిపించాలని మనసాగక, అక్క దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తకుండా అంతా వింది. అయిపోయాక ఒక్క మాటే అడిగింది.

“అయితే బుచ్చమ్మ ఏవందిరా?”

నాకు అర్థం కాలేదు. “ఇది కథ కాదక్కా, సమస్య గురించి రాశాను” అన్నాను. అక్క ఇంకేమీ అనలేదు. చేతికంటిన పులుపు కొంగుకి తుడుచుకుని, చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ కాయితాలు అలాగే ఇచ్చాను. డిగ్రీ వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

రిటైరయ్యాక ఒక వేసవిలో అటక మీంచి ఆ థీసిస్ దింపి చదివాను. అక్క పోయి అప్పటికి నాలుగేళ్లు. అరవై పేజీలూ వెతికాను అమ్మలూ. బుచ్చమ్మ నోటి మాట ఒక్కటి లేదు. ఆమె ‘బాధితురాలు’, ఆమె ‘ప్రతీక’, ఆమె ‘అణచివేతకు నిదర్శనం’. ఆమె మాత్రం లేదు. నా పక్కనే గుమ్మంలో కూర్చున్న మనిషిని కూడా నేను ఒక్కరోజూ అడగలేదు, నీకెలా అనిపించింది అక్కా అని. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

అప్పుడు నాటకం మళ్లీ తెరిచాను. చివరి రంగం చూడు. బుచ్చమ్మని పూనా విడోస్ హోమ్‌కి పంపించాలని వకీలు సౌజన్యారావు పంతులు తేలుస్తాడు. మంచి మనిషే, మంచి మాటే. కానీ ఆ తీర్పు జరిగేచోట బుచ్చమ్మ ఉండదు. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది!’ అని, బుచ్చమ్మని ఇల్లు దాటించి తీసుకుపోయిన గిరీశం తన గోడు చెప్పుకోవడంతో నాటకం అయిపోతుంది. అక్క అడిగింది అదే. అక్షరం రాని మనిషి నాటకానికి ఆయువుపట్టులాంటి చోట వేలు పెట్టింది, నాకు పాతికేళ్లు పట్టింది తెలియడానికి.

అందుకే చెబుతున్నాను, ఒక నోట్‌బుక్ బుచ్చమ్మకి ఇవ్వు. ఆమె పలికిన ప్రతి మాటా దస్తూరీతో రాయి, టైపు చేయకు. ఎవరితో అంటోంది, పక్కన ఎవరున్నారు, ఏది అడిగితే ఏది చెప్పింది, అవి కూడా రాయి. ఇల్లు దాటకముందు ఆమె మనసులో చెల్లెలు సుబ్బి పెళ్లి ఎంత మెదులుతోందో కనిపెట్టు. తర్వాత ఆమె తల్లి వెంకమ్మ, మీనాక్షి, పూటకూళ్లమ్మ. మధురవాణి దగ్గరికి చివర వెళ్లు. ఆవిడ మాటకారి, ముందు ఆవిడ దగ్గర కూర్చుంటే మిగతావాళ్ల గొంతు నీకు వినపడదు.

శైలి గురించి విడిగా అధ్యాయం రాస్తానన్నావు. వద్దు. గిరీశమూ, అతని శిష్యుడైన వెంకమ్మ కొడుకు వెంకటేశమూ ఆవిడ ముందు ఇంగ్లీషు మాట్లాడే చోటు ఉంది కదా. ఒకడు ‘ట్వింకిల్ ట్వింకిల్’ అంటాడు, ఇంకొకడు రేఖాగణితం ముక్క అప్పజెబుతాడు. ఆ మాటలకి అర్థం లేదు. కొడుకు చదువు మీద తల్లి పెట్టుకున్న ఆశ ఉందే, అర్థమంతా అక్కడుంది. దాన్ని ‘భాషా వైచిత్రి’ అని విడదీసి రాస్తే వెంకమ్మ జారిపోతుంది. పాత్ర, శైలి ఒకే చోట పుడతాయి, ఒకే చోట రాయి.

కోప్పడ్డానని బాధపడకు బంగారూ. నీ అక్షరాలు అక్క చేతి ముగ్గులా పొందిగ్గా ఉంటాయని మీ నాన్నతో ఎన్నోసార్లు అన్నాను. పట్టికలో ఆ చివరి లైను మాత్రం కొట్టేయి, ఖాళీగా ఉంచు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో. నాకు సన్నక్షరాలు కనపడటం లేదు. బుచ్చమ్మ మాటలు నువ్వు చదువు, గుమ్మం దగ్గర కూర్చుని నేను వింటాను.

మీ చిన్నతాతయ్య